షుబ్నికోవ్‌కు పుస్తకంలో చోటేదీ?

అతివాహకత్వం కథ చెప్పేవాళ్లు చాలామంది 1911 దగ్గరే ఆగిపోతారు. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఓనెస్ బృందం సన్నటి గాజు గొట్టాల్లోని పాదరసాన్ని ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీలకు చల్లబరిస్తే, దాని విద్యుత్ నిరోధం ఉన్నట్టుండి మాయమైంది. 1913లో ఓనెస్‌కు నోబెల్ వచ్చింది. కొలతలు తీసిన హోల్స్ట్, హీలియం యంత్రాలను నడిపించిన ఫ్లిమ్ వెనకే ఉండిపోయారు.

అసలు కథ ఆ తర్వాతే. నిరోధం లేని తీగ వేడెక్కదు కాబట్టి లక్ష గాస్‌ల అయస్కాంతం కట్టొచ్చని ఓనెస్ ఆశపడ్డాడు. 1914లో సీసం తీగచుట్టలో కరెంటు పుట్టించి బ్యాటరీ లేకుండా వదిలేస్తే, గంట గడిచినా అది దాదాపు తగ్గలేదు. పక్కన పెట్టిన దిక్సూచి ముల్లు తిరిగింది తిరిగినట్టే నిలబడింది. కానీ 600 గాస్‌ల అయస్కాంత క్షేత్రం తగిలేసరికి సీసం మామూలు లోహమైపోయింది. తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టు, అయస్కాంతం పుట్టించే క్షేత్రమే దాన్ని చెడగొడుతోంది!

దారి చూపింది సోవియట్ భౌతికశాస్త్రవేత్త లెవ్ షుబ్నికోవ్. కొన్నేళ్లు లైడెన్‌లోనే పనిచేసి, ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ చేరాడు. సీసంలో థాలియం కలిపి ఏకస్ఫటికాలు పెంచి, 1936-37లో తన బృందంతో పరీక్షించాడు. ఒక హద్దు దాటాక క్షేత్రం లోపలికి చొరబడుతోంది. అయినా అతివాహకత్వం చావడం లేదు. అంతకన్నా చాలా పెద్దదైన రెండో హద్దు దాకా నిలుస్తోంది.

1937 ఆగస్టులో స్టాలిన్ పోలీసులు అతన్ని అరెస్టు చేశారు. నవంబరులో కాల్చి చంపారు. అప్పటికి 36 ఏళ్లు. ఇరవై ఏళ్ల తర్వాత, 1957లో, నిర్దోషి అన్నారు. అతని కొలతలకు అర్థం చెప్పిన అబ్రికొసోవ్ సిద్ధాంతం అచ్చయిందీ ఆ ఏడాదే. దానికి 2003లో నోబెల్ వచ్చింది.

అతని ఫలితాలకు గుర్తింపు ఆలస్యమవడానికి ఆ హత్య ఒక్కటే కారణం కాదు. మిశ్రలోహాల్లో కనిపించేదంతా లోహం శుద్ధంగా లేకపోవడం వల్లేనని పాశ్చాత్యులు చాలామంది తోసిపుచ్చారు. 1961లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కున్జ్‌లర్ బృందం చేసిన నియోబియం-టిన్ తీగ 88 వేల గాస్‌ల క్షేత్రంలోనూ భారీ కరెంటు మోసి చూపించాకగానీ అనుమానాలు తీరలేదు.

మన ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి భౌతికశాస్త్రంలో మైస్నర్ పేరుంది. ఉండాల్సిందే. 1933లో బెర్లిన్‌లో ఓక్సెన్‌ఫెల్డ్‌తో కలిసి, అతివాహకం క్షేత్రాన్ని బయటికి నెట్టేస్తుందని కనిపెట్టింది ఆయనే. అయితే పెద్దాసుపత్రిలో ఎమ్మారై స్కాన్ తీసే 15 వేల గాస్‌ల అయస్కాంతం పనిచేస్తున్నది, ఆ క్షేత్రాన్ని కొంత లోపలికి రానిచ్చే నియోబియం-టైటానియం తీగతో. ఆ పుస్తకంలో ఖార్కివ్‌కు కనీసం రెండు వాక్యాలు రాయడానికి జాగా లేకపోదు.