గీతకు పొడవు లేదు, తీగకు ఉంది

సొంతంగా వాల్వు ఆంప్లిఫయరు కట్టుకొనే మిత్రులు దాని అడుగుభాగం ఫొటో తీసి చూపించుకోవడం పరిపాటి. తీగలన్నీ లంబకోణాలలో మలుపులు తిరిగి, కట్టలుగా దారంతో బిగించి ఉంటాయి. చూచినవారు ఆహా అంటారు. ఆ అందంతో నాకు పేచీ ఉంది.

కొన్నేళ్ళ క్రితం ఒక ఈసీసీ83, ఒక ఈఎల్84లతో చిన్న ఆంప్లిఫయరు కట్టాను. నాన్నగారి పాత రికార్డులను ఆయన ఓపికగా కూర్చోగలిగిన రోజుల్లోనే మళ్ళీ వినిపించాలని కోరిక. తీగలను ముచ్చటగా కట్ట కట్టాను. స్విచ్చి వేస్తే పాటకన్నా ముందు గుంయ్‌మని రొద! వాల్వులు మార్చాను, కెపాసిటర్లు మార్చాను. డబ్బు పోయింది, మూడు నెలలు పోయాయి, రొద మాత్రం పోలేదు. చివరికి ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన పెద్దాయన ఒకరు లోపలికి తొంగిచూచి, "ఏమయ్యా, అన్ని తీగలకూ చుట్టరికం కలిపావే!" అన్నారు.

నిజమే. ఈ రెండు వాల్వుల హీటర్లకు 6.3 వోల్టుల ఏసీ వద్ద సుమారు 1.06 ఆంపియర్ల కరెంటు కావాలి. ఆ తీగల పక్కనే గ్రిడ్ తీగను పడుకోబెట్టాను. గ్రిడ్ వద్ద ఇంపెడెన్సు చాలా ఎక్కువ. పక్కింటి గుసగుస కూడా దానికి వినబడుతుంది. విన్నదాన్ని వాల్వు ఎన్నో రెట్లు పెంచి స్పీకరుకు చెబుతుంది. సర్క్యూట్ బొమ్మలో గీతకు పొడవు లేదు, పొరుగు లేదు. తీగకు రెండూ ఉన్నాయి.

కట్ట విప్పాను. హీటరు తీగలను ఒకదానితో ఒకటి పురిపెట్టి చాసిస్ మూలకు నొక్కాను. ఎదురెదురు కరెంట్ల క్షేత్రాలు చాలావరకు రద్దవుతాయి. గ్రిడ్ తీగను అంగుళానికి కుదించాను. మొదటి ఫిల్టరు కెపాసిటరు ఎర్తును, ఇన్‌పుట్ ఎర్తును ఒకే తీగ మీద నడిపించడం మానేశాను; ఆ కెపాసిటరు సెకనుకు 100 సార్లు మింగే కరెంటు ఇన్‌పుట్ దారిలో ప్రవహించకూడదు.

కట్టలు కడితే మరమ్మతు సులువు కదా అంటారు. డీసీ తీగలను నిరభ్యంతరంగా కట్టండి. చిందరవందరను నేను సమర్థించడం లేదు. స్విచ్చి ఆపినా 300 వోల్టులు కెపాసిటర్లలో నిలిచి ఉండగల చోట అది ప్రాణాంతకం. క్రమం ఉండాలి, అది కంటికి కాక కరెంటుకు నచ్చే క్రమం కావాలి.

ఇప్పుడు నా ఆంప్లిఫయరు అడుగుభాగం ఫొటోకు పనికిరాదు. స్విచ్చి వేసి వాల్వులు వేడెక్కాక నాన్నగారు కాసేపు చెవియొగ్గి, "ఏరా, ఆపేశావా?" అని అడిగారు. అప్పుడు రికార్డు మీద ముల్లు పెట్టాను.