భీష్మునికి తర్పణం సరే, హవల్దారు మాటేమిటి?

మాఘ శుద్ధ అష్టమినాడు భీష్మునికి తర్పణం విడుస్తాము. తండ్రి జీవించి ఉన్నవాడు సైతం ఆ నీళ్ళు విడువవచ్చునని పెద్దలు చెబుతారు. ఎందుకు? ఆయనకు కొడుకులు లేరు గనుక. రాజ్యం కోసం బ్రతికి, రాజ్యం కోసం పడిపోయిన యోధునికి సంతానం లేకపోతే లోకమంతా సంతానమే అని మనవారు నిర్ణయించారు. ముప్పది యేండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పినవాణ్ణి, ఈ ముచ్చట పిల్లలకు ఎన్నిమార్లు చెప్పానో లెక్క లేదు. దాని అర్థం మాత్రం నిరుడు పురానాపూల్ శ్మశానవాటికలో నిలబడినప్పుడు గాని నాకు తలకెక్కలేదు. ఆ సిగ్గుతో వ్రాస్తున్న టపా ఇది. కాస్త కటువుగా ఉంటే మిత్రులు మన్నింతురు గాక.

మా గౌలిపురా గల్లీలో ఒక పెద్దాయన ఉండేవాడు. 1971 యుద్ధం నాటికి పట్టాళంలో కొత్త జవాను. హవల్దారుగా విరమించి, తరువాత చాలా కాలం ఒక బ్యాంకు వాకిట తుపాకి పట్టుకొని కూర్చున్నాడు. పిల్లలందరికీ ‘హవల్దారు తాత’. ఆగస్టు పదిహేను వచ్చిందంటే మా బడికి తెల్లవారుజామునే వచ్చి జెండా కట్టేది ఆయనే. పూలరేకులు లోపల పెట్టి, మడతలు వేసి, ఒక్క లాగుకు విడిపోయేటట్టు ఆ ముడి వేయడం మా ఉపాధ్యాయులలో ఒక్కరికీ చేతకాదు. హెడ్మాస్టరు తాడు లాగితే జెండా చిక్కుకొని పరువు పోతుందని మా భయం. ఆయన వేసిన ముడి ఒక్కనాడూ చిక్కుకోలేదు. చాయ్ తప్ప ఏమీ పుచ్చుకునేవాడు కాదు. ఒకసారి నవ్వుతూ అడిగాడు: “సారూ, నేను పోయినంక బిగిల్ ఊదేటోడు దొరుకుతడా?” నేనూ నవ్వి ఊరుకున్నాను.

ఆయన పోయిననాడు కొడుకు ఒక కార్యాలయానికి ఫోను చేశాడు. “ఆఫీసరా? పతకమేమన్న ఉన్నదా? అని అడిగిండ్రు సారూ. లేదంటే, చూస్తమన్నరు” అని చెప్పాడు. మధ్యాహ్నం దాకా చూశాము. ఎవరూ రాలేదు.

వచ్చినవారు నలుగురు ముసలివారు. ఉప్పుగూడ నుండి ఒకరు, లాల్ దర్వాజా నుండి ఇద్దరు, బార్కస్ నుండి ఒక చావుష్ గారు. నలుగురూ మాజీ సైనికులే. వారిని ఎవరూ పిలువలేదు, కబురు తెలిసి వచ్చారు. ఇస్త్రీ చొక్కాల మీద పతకాలు, తల మీద కర్పూరపుండల వాసన వేసే పాత టోపీలు. పాడె పక్కన వరుసగా నిలబడ్డారు. ఒకరు గొంతెత్తి ఆజ్ఞ ఇచ్చారు. నాలుగు చేతులు ఒక్కసారి లేచాయి. బిగిల్ లేదు. చావుష్ గారు సెల్‌ఫోనులో ‘లాస్ట్ పోస్ట్’ మ్రోగించి, ఆ ఫోనును ఎడమచేత్తో గుండెకు దగ్గరగా పట్టుకున్నారు. మధ్యలో ఒక వాణిజ్య ప్రకటన వచ్చింది. ఆయన చేతులు వణికాయి. ఎవరూ నవ్వలేదు.

ఒకరి సంచిలో జెండా ఉన్నది. తీయబోతే పక్కవారు చేయి పట్టుకొని “వద్దు, కానూను ఒప్పదు” అన్నారు. నిజమే. జాతీయ గౌరవానికి భంగం కలిగించడాన్ని నిషేధించే 1971 నాటి చట్టాన్ని 2003లో సవరించారు. ప్రభుత్వ, సైనిక, అర్ధసైనిక అంత్యక్రియలలో తప్ప జాతీయ పతాకాన్ని కప్పుగా వాడడం నేరం. మూడేండ్ల దాకా జైలు. నియమం మంచిదే, నేను తప్పు పట్టను. పతాకం ప్రతివాడి దుప్పటి కారాదు. కాని దాని ఫలితం చూడండి. స్వచ్ఛందంగా వచ్చినవారు వందనం ఇవ్వగలరు, పాట మ్రోగించగలరు, పాడె మోయగలరు. పతాకం ఒక్కటి ఇవ్వలేరు. అది ఇవ్వగలిగినది ప్రభుత్వం ఒక్కటే, ఆ ప్రభుత్వమే రాలేదు! మాకు ఏటేటా జెండా ముడి వేసి ఇచ్చినవాడు ఉత్త తెల్లగుడ్డలో వెళ్ళిపోయాడు.

మన ప్రభుత్వాలకు లాంఛనాలు తెలియవా అంటే, బాగా తెలుసు. 2017 జూన్‌లో సి. నారాయణరెడ్డి గారికి పోలీసులు తుపాకులు పేల్చి వీడ్కోలు ఇచ్చారు. తెలుగు పంతులుగా నేను పొంగిపోయాను. 2018లో ముంబయిలో శ్రీదేవి గారి దేహంపై త్రివర్ణ పతాకం కప్పారు. కవికీ, నటికీ ఇవ్వరాదని నేననను. ఇవ్వడానికి తుపాకులు, బిగిళ్ళు, మనుషులు ఉన్నారనడానికి ఇవి సాక్ష్యం.

విధి నిర్వహణలో మరణించినవారి సంగతి వేరు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో అసువులు బాసిన కల్నల్ సంతోష్ బాబు గారికి సూర్యాపేట దగ్గర కేసారంలో సైనిక వందనం జరిగింది. 2013 అక్టోబరులో పూంఛ్ సరిహద్దున ప్రాణాలు వదిలిన లాన్స్ నాయక్ ఫిరోజ్ ఖాన్ మన పాతబస్తీ బిడ్డ, నవాబ్‌సాహెబ్ కుంటవాడు. ఆయననూ సైనిక లాంఛనాలతోనే సాగనంపారు. అది ధర్మం. కాని అదే సరిహద్దులో ఇరవై యేండ్లు నిలబడి, తుపాకి గుండు తప్పిపోయి, ఇంటికి వచ్చి, ముసలితనంలో మంచం మీద పోయినవాడు చేసిన తప్పేమిటి? చావకపోవడమా?

సామాన్యుడి మాట అలా ఉంచండి. ఫీల్డ్ మార్షల్ మానెక్‌షా 2008 జూన్ 27న వెల్లింగ్టన్‌లో మరణిస్తే ప్రధానమంత్రి గాని, రక్షణ మంత్రి గాని వెళ్ళలేదు. వెళ్ళినవారు రక్షణ శాఖ సహాయమంత్రి, మన కాకినాడ పళ్ళంరాజు గారు. 1971 యుద్ధానికి సేనాధిపతిగా నిలిచినవానికే అంత మాత్రమైతే, ఆ సేనలో ఒక జవానుకు ఎంత?

అమెరికాలో 2000 జనవరి 1 నుండి దీనికొక చట్టం అమలులో ఉన్నది. మాజీ సైనికుని కుటుంబం కోరితే చాలు, హోదాతో పని లేదు. కనీసం ఇద్దరు యూనిఫారంలో వచ్చి, పతాకాన్ని మడిచి ఇంటివారి చేతికిచ్చి, బిగిల్ పాట వినిపించాలి. మనుషులు చాలకపోతే మాజీ సైనికుల సంఘాలు తోడు నిలుస్తాయి. మిన్నెసోటాలోని ఫోర్ట్ స్నెల్లింగ్ సైనిక శ్మశానంలో 1979 నుండి అట్టి వృద్ధుల తుపాకి దళం ఉన్నది. బిగిల్ ఊదేవారు దొరకక, 2003లో అక్కడ లోపల యంత్రం పెట్టిన బిగిల్‌ను సైతం వాడుకలోకి తెచ్చారు. ఉత్త పెదవులకు ఆనించి పట్టుకుంటే అదే మ్రోగుతుంది. అది చదివినప్పుడు నాకు చావుష్ గారి సెల్‌ఫోను గుర్తుకు వచ్చింది. తేడా ఒక్కటే. అక్కడ చట్టం చేసిన మాట నిలుపుకోవడానికి యంత్రం తెచ్చుకున్నారు, ఇక్కడ చట్టమే లేదు.

“చచ్చినవానికి బిగిల్ వినిపిస్తుందా పంతులుగారూ?” అని ఒక మిత్రుడు నన్ను ఎకసెక్కమాడాడు. తర్పణం నీళ్ళు భీష్మునికి అందుతాయా, మరి? అంత్యక్రియ బ్రతికినవారి బుద్ధి కోసం. “జీతం తీసుకున్నాడు గదా” అని మరొకడు. నేనూ తీసుకున్నాను. పాఠం తప్పు చెబితే నాకు ప్రాణం పోదు. “ఇదంతా యుద్ధాన్ని పొగడడమే” అనే మిత్రులకు స్త్రీపర్వం చదవమని మనవి. యుద్ధాన్ని తలచుకొని ధర్మరాజంత ఏడ్చినవాడు లేడు. అయినా విదురునీ సంజయునీ పిలిచి, దిక్కులేని ఒక్క శరీరం కూడా అనాథగా నశించరాదని చెప్పి, ఇరుపక్షాలవారికీ సంస్కారం చేయించాడు. అది రాజు చేయవలసిన పని అని వ్యాసుడు చెప్పాడు, తిక్కన తెలుగు చేశాడు.

ఇంటికి తిరిగి వస్తూ చావుష్ గారితో, “పిలువకుండానే ఇంత దూరం వచ్చారు, పెద్ద మనసు” అన్నాను. ఆయనకు ఆ మాట నచ్చలేదు. “మనసు కాదు పంతులు సాబ్, ఫర్జ్” అన్నారు. వారి మతంలో జనాజా నమాజు ‘ఫర్జె కిఫాయా’ అట. ఊరిలో కొందరు చేస్తే అందరి బాధ్యతా తీరుతుంది, ఒక్కరూ చేయకపోతే పాపం అందరిదీను. భీష్మ తర్పణంలో ఉన్నదీ ఈ భావమే గదా! నిజాం కొలువులోని అరబ్బు సైనికుల బ్యారక్సు ఉన్న చోటే బార్కస్ అయినది. ఆ వీధి మనిషి నాకు నా శాస్త్రం నేర్పాడు.

ఈ నగరానికి ఇది కొత్తా? నిజాం అలీఖాన్ కొలువులో సేనాని అయిన ఫ్రెంచివాడు రేమండ్ 1798లో పోయాడు. హిందువులు ఆయనను మూసారాం అన్నారు, ముస్లిములు మూసారహీం అన్నారు. ఆ పేరు మూసారాంబాగ్‌గా నేటికీ మిగిలింది. ఆయన వర్ధంతికి ఆస్మాన్‌గఢ్ గుట్ట మీది సమాధి వద్ద జనం చాలా కాలం పోగయ్యేవారని చెబుతారు. పరదేశి సైనికునికి ప్రజలే తమంతట తాము వారసులైన ఊరు ఇది.

కనుక నా వాదం ఇది. ఆ నలుగురు చేసినది దానం కాదు, మన అందరి అప్పు వారు తీర్చారు. అప్పు మనదైనప్పుడు నలుగురు ముసలివారి మోకాళ్ళ మీద దానిని మోపడం అన్యాయం. కుటుంబం కోరితే హోదా, పతకం అడుగకుండా, ఇద్దరు యూనిఫారం వారు, ఒక పతాకం, ఒక బిగిల్ పంపాలని ప్రభుత్వం ఉత్తరువు ఇవ్వాలి. ప్రతి జిల్లాలోనూ సాయుధ పోలీసులు ఉన్నారు, బిగిల్ ఊదేవారూ ఉన్నారు. ఖర్చు ఒక నాయకుని ఫ్లెక్సీ పాటి కాదు. పతాకం వారు తెస్తే వందనానికి మాజీ సైనికులు ఎలాగూ వస్తారు.

ఉత్తరువు వచ్చేదాకా మనం కూర్చోనక్కర లేదు. మీ వీధిలో మాజీ సైనికుడు ఎవరో కనుక్కోండి. పేరు, రెజిమెంటు, ఏ యుద్ధంలో ఉన్నాడో బ్రతికి ఉండగానే అడిగి వ్రాసిపెట్టుకోండి. హవల్దారు తాత రెజిమెంటు పేరు నేను ఏనాడూ అడుగలేదు, ఆయన పోయిన తరువాత కొడుకు చెబితే తెలిసింది. ఆయన వేసే ముడి కూడా నేర్చుకోలేదు.

బార్కస్ చావుష్ గారి ఫోను నంబరు మాత్రం తీసుకున్నాను. ఇకమీద కబురు వస్తే నన్నూ పిలువమన్నాను. నాకు వందనం చేయడం రాదు, వరుసలో నిలబడడం వచ్చును.

స్వస్తి.