అహ్మద్ జమాల్ ఖవ్వాలీ పాడలేదు

మా మామూజాన్ కువైట్ నుంచి ఛుట్టీ మీద వచ్చినప్పుడల్లా సూట్‌కేసులో అత్తరు, ఖజూర్‌తో పాటు నాలుగైదు క్యాసెట్లు ఉండేవి. ఒకసారి వాటిలో అహ్మద్ జమాల్ క్యాసెట్ వచ్చింది. పేరు చూసి ఖవ్వాలీ అనుకుని కొన్నాడాయన. రాత్రి దస్తర్‌ఖాన్ ఎత్తేశాక అందరం టేప్‌రికార్డర్ చుట్టూ చేరాం. హార్మోనియం లేదు, చప్పట్లు లేవు. పియానో మొదలైంది. కాసేపు ఓపిగ్గా విని మా నానీ, "పాడేవాడు ఇంకా రాలేదా?" అని అడిగింది. అందరూ నవ్వారు. మామూజాన్ ఆ క్యాసెట్ నా చేతిలో పెట్టి వెళ్లి పడుకున్నాడు.

కడపలో మా ఇంటికి జాజ్ వచ్చింది అలా. అప్పటినుంచి అది నా షౌఖ్. ఆ క్యాసెట్‌లో ఉన్నది 1958 జనవరిలో చికాగోలోని పెర్షింగ్ హోటల్లో రికార్డు చేసిన మహఫిల్. ఆ రికార్డు రెండేళ్లకు పైగా అమెరికా అమ్మకాల జాబితాలో నిలిచిందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. జమాల్ తక్కువ వాయిస్తాడు. ఒక మాట చెప్పి ఆగుతాడు. ఆ ఖాళీలో డ్రమ్ము, బాస్ వినిపిస్తాయి. పెద్దమనిషి మాట్లాడినట్టు ఉంటుంది, తొందర ఉండదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్న బక్రీద్‌కి మావాడు బెంగళూరు నుంచి వచ్చాడు. ఫోన్ మోగింది. స్పీకర్‌లో తోటి ఉద్యోగి గొంతు. వాడిని వేరే ఏదో పేరుతో పిలిచింది. మా అబ్బా పేరు వాడికి పెట్టాం. ఆ పేరులో మొదటి అక్షరం ఒక్కటి మిగిల్చి, ఏ మతమో తెలియకుండా కుదించుకున్నాడు. నాకు గుస్సా వచ్చింది. "దాదా పేరు నీకు బరువైందా?" అన్నాను. వాడు తల దించుకుని, "అబ్బా, అద్దెకు ఇల్లు అడిగితే మూడు చోట్ల పేరు చెప్పగానే నిన్ననే ఇచ్చేశాం అన్నారు. నాలుగో చోట ఈ పేరు చెప్పాను" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి వాడిని పక్కన కూర్చోబెట్టుకుని నా దగ్గరున్న ఫోటోలు చూపించాను. ఈ షౌఖ్‌లో నాకు రికార్డులెంతో ఫోటోలూ అంతే.

మొదటిది ఆర్ట్ కేన్ 1958 ఆగస్టులో న్యూయార్క్ హార్లెమ్‌లో తీసిన ఫోటో. ఒక ఇంటి మెట్ల మీద, వీధిలో 57 మంది జాజ్ కళాకారులు నిలబడ్డారు. కౌంట్ బేసీ ఆ వీధి పిల్లలతో పాటు ఫుట్‌పాత్ అంచున కూర్చున్నాడు. ఆ గుంపులో ఒకాయన సాహిబ్ షిహాబ్. జార్జియాలోని సవానాలో ఎడ్మండ్ గ్రెగరీగా పుట్టి, 1947లో ఇస్లాం స్వీకరించాడు. డ్రమ్ముల ఉస్తాద్ ఆర్ట్ బ్లేకీ కూడా అక్కడే ఉన్నాడు. ఆయన ముస్లిం పేరు అబ్దుల్లా ఇబ్న్ బుహైనా. దోస్తులు ఆయన్ని ప్రేమగా 'బూ' అనేవారు.

మనకు ఆజాదీ వచ్చిన ఏడాదే, 1947 అక్టోబర్, నవంబర్ నెలల్లో, థెలోనియస్ మంక్ బ్లూ నోట్ కంపెనీకి తన తొలి రికార్డులు చేశాడు. ఆ పాటల్లో ట్రంపెట్ ఇద్రీస్ సులేమాన్, శాక్సోఫోన్ సాహిబ్ షిహాబ్, డ్రమ్ములు బ్లేకీ. మావాడు ఆ పేర్లు రెండుసార్లు చదివాడు. "వీళ్లంతా మనవాళ్లా?" అన్నాడు.

వీరిలో చాలామందికి ఇస్లాం గురించి చెప్పింది హిందుస్థాన్ నుంచి వెళ్లిన అహ్మదియా జమాత్ ముబల్లిగులు. ఆ జమాత్ విషయంలో మన ఉలమాకున్న ఇఖ్తిలాఫ్ నాకు తెలుసు. ఆ బహస్ ఇక్కడ వద్దు. నా బాత్ పేరు గురించి.

అమెరికాలో నల్లవాళ్ల ఇంటిపేర్లలో చాలా భాగం గులామీ కాలం నుంచి వచ్చినవే. ఆ రోజుల్లో వాళ్లకు హోటల్ వేరు, బస్సులో సీటు వేరు. అలాంటి చోట ముస్లిం పేరు పెట్టుకుంటే కొన్నిసార్లు తలుపు తెరుచుకునేదని డిజ్జీ గిలెస్పీ తన ఆత్మకథలో రాశాడు. ఆ పేరు వింటే వీళ్లను అక్కడి నల్లవాళ్ల లెక్కలో వేసేవారు కాదట. ఆ మాట చదివినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏ పేరు వాళ్లకు తలుపు తీసిందో, అదే పేరు మావాడి ముఖం మీద తలుపు వేయించింది.

అయితే వాళ్లందరూ తలుపు కోసమే పేరు మార్చుకున్నారంటే అది జుల్మ్. జమాల్ చికాగోలో అల్ హమ్రా అనే రెస్టారెంట్ తెరిచాడు. షరాబ్ పోయని జాజ్ క్లబ్బు అది! ఎక్కువ కాలం నడవలేదు, నుక్సాన్ వచ్చింది. యూసుఫ్ లతీఫ్ శాక్సోఫోన్‌తో పాటు మన షెహనాయీ కూడా వాయించాడు. 1975లో డాక్టరేట్ తీసుకున్నాడు, హజ్ చేశాడు, తర్వాతి రోజుల్లో షరాబ్ అమ్మే చోట వాయించనన్నాడు. రోజీ పోయినా ఈమాన్ నిలుపుకున్నవాళ్లు వీళ్లు.

రెండో ఫోటో బ్లేకీ 'మోనిన్' రికార్డు కవర్. కవర్ నిండా ఆయన ముఖమే. బ్లేకీలాంటి కళాకారుల ఫోటోలు తీసినవారిలో ఒకరు ఫ్రాన్సిస్ వుల్ఫ్, బెర్లిన్ యూదుడు. 1939లో నాజీల నుంచి తప్పించుకుని న్యూయార్క్ చేరాడు. అదే ఏడాది మొదలు నుంచి జర్మనీలో యూదులు తమ పేరుకు ఇజ్రాయెల్ అనో సారా అనో కలుపుకోవాలని హుకూమత్ ఖానూన్ అమల్లో పెట్టింది, చూడగానే ఎవరో తెలిసిపోవాలని. పేరు వల్ల మనిషి మీదికి ఏమేం వస్తాయో చూసిన ఆయన, ఈ నల్ల కళాకారుల ముఖాలను ఎంత ఇజ్జత్‌తో తీశాడో ఒకసారి చూడండి. చెమట, చేతివేళ్లు, కళ్లు, అన్నీ కనిపిస్తాయి. ఎవరినీ తక్కువగా చూపించిన ఫోటో ఒక్కటీ నాకు కనిపించలేదు.

మావాడు తెలివైనవాడు. "అబ్బా, ఈ కవర్ మీద ఆర్ట్ బ్లేకీ అనే ఉంది కదా, అబ్దుల్లా అని లేదేం?" అన్నాడు. నిజమే. పియానో ఉస్తాద్ మెకాయ్ టైనర్ కూడా అంతే. సులేమాన్ సవూద్ అని పేరు తీసుకున్నా, రికార్డుల మీద పాత పేరే ఉంచాడు. జమాల్, లతీఫ్, షిహాబ్ కొత్త పేరునే కవర్ మీదికి ఎక్కించారు. ఎవరి ఇష్టం వాళ్లది. అప్పుడు నాకు నా తప్పు తెలిసింది. రెండు పేర్లుండడం గునాహ్ కాదు. కానీ టైనర్ తన మర్జీతో పాత పేరు ఉంచుకున్నాడు, మావాడు ఖౌఫ్‌తో సొంత పేరు దాచుకున్నాడు. ఆ ఖౌఫ్ వాడు పుట్టించుకున్నది కాదు. నేను కోప్పడాల్సింది వాడి మీద కాదు, "నిన్ననే ఇచ్చేశాం" అన్న అబద్ధం మీద.

అందుకే మా ఇళ్లల్లోని పెద్దలకు నా గుజారిష్. పేరు కుదించుకున్న పిల్లల్ని తిట్టకండి, ముందు వాళ్ల కథ వినండి. ఆ తర్వాత ఈ పేర్లు వినిపించండి. మౌసిఖీ వినకూడదనుకునేవారి మీద నాకు జబర్‌దస్తీ లేదు, వాళ్లకు ఫోటోలున్నాయి. విలియం గాట్‌లీబ్ తీసిన పదహారు వందలకు పైగా జాజ్ ఫోటోలు అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అందరికీ ముఫ్త్‌గా చూపిస్తోంది. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. వినేవారు జమాల్ పెర్షింగ్ రికార్డుతో మొదలుపెట్టండి, తర్వాత లతీఫ్ 1961లో చేసిన 'ఈస్టర్న్ సౌండ్స్'.

మావాడు ఆఫీసులో ఇంకా ఆ చిన్న పేరుతోనే ఉన్నాడు. నేను అడగడం లేదు. వెళ్లేటప్పుడు మాత్రం మామూజాన్ క్యాసెట్ అడిగి తీసుకున్నాడు. వాడి దగ్గర టేప్‌రికార్డర్ లేదు. కవర్ మీద పేరు ఉంది కదా అబ్బా, అన్నాడు.