ఎవరి గడీ? ఎవరి పండగ?

"మా తాతగారి గడీ కూడా దసరాకి అచ్చం ఇట్లాగే ఉండేదట!"

అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రం ఆష్‌విల్‌లో, బిల్ట్‌మోర్ భవంతి విందుశాలలో 35 అడుగుల క్రిస్మస్ చెట్టు కింద నిలబడి ఒకావిడ మురిసిపోతూ అన్న మాట ఇది. 2023 డిసెంబర్‌లో షార్లట్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళినప్పుడు ఆరు తెలుగు కుటుంబాలతో కలిసి వెళ్ళాను. అందరూ ఆవిడ వంక గౌరవంగా చూశారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మా అమ్మమ్మ అలాంటి గడీ వాకిలే ఊడ్చింది. కూలి లేకుండా.

రైల్వే సంపన్నుల వారసుడు జార్జ్ వాండర్‌బిల్ట్ 1895లో, క్రిస్మస్ ముందురోజు బంధుమిత్రులకి ఈ ఇంటి తలుపులు తెరిచాడు. 250 గదులు, 65 ఫైర్‌ప్లేసులు. అప్పటికి ఆయనకి 33 ఏళ్ళు, పెళ్ళి కూడా కాలేదు. మరి అన్ని పొయ్యిల్లో బూడిద ఎవరెత్తారు? ఎస్టేట్ కోసం కొన్న నేలలో షైలో అనే నల్లజాతివారి పల్లె కూడా ఉంది. వాళ్ళు ఇళ్ళతోపాటు చర్చినీ సమాధుల్నీ కూడా వేరేచోటికి మార్చుకోవలసి వచ్చింది.

బూడిద ఎత్తినవాళ్ళ జాడని ఆ ఇల్లు దాచలేదు. నేలమాళిగలో వంటగదులు, లాండ్రీ, దుప్పట్లు ఆరబెట్టే గది, పనివాళ్ళు అన్నం తినే గది అన్నీ చూపిస్తారు. మనవాళ్ళే ఆగలేదు. ఈతకొలను దగ్గర ఆగారు, లాండ్రీ దగ్గర నడక పెంచారు. మేడ చూడ్డానికి వెళ్ళిన ప్రతివాళ్ళూ యజమాని మంచం మీద పడుకున్నట్టే ఎందుకు ఊహించుకుంటారు? బట్టలుతికిన మనిషి మనకెందుకు బంధువు కాదు?

వెట్టీ, జీతానికి చేసిన చాకిరీ ఒకటి కావు. ఆ తేడా నాకూ తెలుసు. పోలిక తెచ్చింది నేను కాదు, ఆవిడ. తెచ్చారు కాబట్టి పూర్తిగా చెప్పుకుందాం. మన గడీల్లో దొర కూతురి పెళ్ళికి చీరలూ నగలతోపాటు ఆడబాపల్ని కూడా పంపేవాళ్ళు. ఊళ్ళో ఆడవాళ్ళు బతుకమ్మని కూడా గడీ ముందుకి తీసుకెళ్ళి, దొర చూస్తుండగా ఆడాల్సివచ్చేది. విసునూరు దేశ్‌ముఖ్‌ని ఎదిరించిన ఐలమ్మ చాకలి కులం మనిషని మర్చిపోయి గడీ అందాల గురించి మాట్లాడుకోవడం ఎవరికి చేతనవుతుంది?

ఇదంతా ఇంత కుదురుగా చెప్పలేదు లెండి. "ఆ దీపాలకి వత్తులు చేసింది మా అమ్మమ్మలాంటి వాళ్ళే" అన్నాను, కాస్త గట్టిగానే. "పండగపూట పాతవన్నీ ఎందుకమ్మా, పీహెచ్‌డీ చేసినవాళ్ళకి అన్నిట్లో అణచివేతే కనపడుతుంది" అన్నాడొకాయన. పండగపూట కాకపోతే ఎప్పుడు? ఆడవాళ్ళకి పని రెట్టింపయ్యేది ఆ పూటే కదా. ఆయన తిన్న పులిహోర కోసం అక్కా, మరో ఇద్దరూ తెల్లవారుజామున నాలుగింటికి లేచారు. ట్రిప్ ఏర్పాట్లు బ్రహ్మాండం అని అందరూ మెచ్చుకున్నది మాత్రం టికెట్లు బుక్ చేసినాయన్ని!

రాత్రి ఇంటికొచ్చాక సింక్ దగ్గర అక్క ట్రేలు కడుగుతుంటే నేను తుడిచాను. "ఆవిడకి ఫోన్ చేసి సారీ చెప్పవే, నేనిక్కడ ఉండాల్సినదాన్ని" అంది. గొంతు పెంచినందుకు చెప్తానన్నాను. అన్న మాటకి చెప్పనన్నాను. అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మమ్మ వత్తులు కూడా చేసేదా? నాకెప్పుడూ చెప్పలేదే" అంది.