నల్లని తామర

నంద్యాల నుండి సిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. అక్కడి శిల్పులు విగ్రహపీఠాలపై విప్పార్చిన పద్మాలు ఎన్నో నల్లరాతివే. వాటిని చూచి "ఈ పువ్వుకు గులాబీవన్నె ఏదీ?" అని అడిగినవారిని నేనెరుగను. అదే తామరను చైనా చిత్రకారుడు కాగితంపై నల్లగా గీస్తే మాత్రం "రంగులు ఇంకా వేయలేదా?" అంటారు! జాలంలో దొరికిన బొమ్మలను మిత్రులకు చూపినప్పుడల్లా నాకు ఎదురైన ప్రశ్న ఇదే.

1937లో జన్మించిన చెన్ జియాలింగ్ తామరలను చూడండి. ఆకు అంచు ఎక్కడ ముగిసి నీరు ఎక్కడ మొదలైందో చెప్పలేము. మసిని జిగురుతో కలిపి ఆరబెట్టిన కడ్డీని నీటితో అరగదీస్తే వచ్చేది ఆ సిరా. (మసి అన్న మాట మనకు కూడా పొయ్యి మసికీ, వ్రాతసిరాకూ ఒకటే కదా.) నీటి పాళ్లు మారిస్తే అదే నలుపు బూడిదవన్నె నుండి కాటుక వరకు పలుకుతుంది. షువాన్ కాగితం తడిని వెంటనే పీల్చుకుంటుంది. పడిన గీతను చెరపడం అసాధ్యం. ఉలిదెబ్బ కూడా అంతే.

చైనా చిత్రం అనగానే ధ్యానం, శూన్యం అంటూ పెద్దమాటలు దొర్లించడం మనవారికి ఒక వేడుక. నాకు అంతకంటె చేతిపని ముఖ్యం. వూ ఛాంగ్‌షువో (1844–1927) రాతిముద్రలు చెక్కినవాడు. ప్రాచీన శిలాక్షరాల బిగువును పూలకొమ్మల గీతలోకి తెచ్చినవాడు. చీ బైషి (1864–1957) తొలుత వడ్రంగి. వీరి పూలలోని బలం చెక్కిన చేతులదే. వూ బొమ్మలను కొన్నవారు మునులు కారు, షాంఘై వర్తకులు!

ఇక మన సంగతి. శిల్పి ముందుగా రాతిపై గీత గీస్తాడు. ఉలి నడిచిన కొద్దీ అది రాలిపోతుంది. దేవతామూర్తికి తాళమానం కట్టుబాటు ఉంది. పువ్వు దగ్గర ఆ చేయి కొంత స్వేచ్ఛగా కదులుతుందని నాకు తోస్తుంది. ఆ కదలిక కాగితంపై, కుంచెతో, నల్లసిరాతో నిలవాలని నా కోరిక. చైనా పద్ధతిని అనుకరించమనడం లేదు. ఆళ్లగడ్డ చేయి ఆళ్లగడ్డ తామరనే గీయాలి. ఆ ఊరి రాతి చెక్కడానికి భౌగోళిక గుర్తింపు లభించింది, సంతోషమే. గీతకు అటువంటి గుర్తింపు ఎవరిస్తారు?

విగ్రహాల గిరాకీ విడిచి కాగితం పూలు గీస్తే కడుపు నిండుతుందా అని శిల్పి అడిగితే అది న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానం చెప్పవలసింది కొనగలిగినవారు. నంద్యాలలో కొత్త ఇళ్లు లేస్తూనే ఉన్నాయి. ముందుగదిలో అచ్చు వేసిన గులాబీల పటం కొని తగిలిస్తున్నాము. వచ్చే గృహప్రవేశానికి ఎవరైనా ఒక ఆళ్లగడ్డ శిల్పిని పిలిచి, ఖరీదు అడిగి, "ఒక తామర గీసిపెట్టండి స్వామీ, రంగులు వద్దు" అంటే చాలు.