ఇంటిలో కొలువు

2020 మార్చిలో దేశమంతట లాక్‌డౌను విధింపబడినపుడు, హైదరాబాదున కంప్యూటరు కొలువులు చేయు యువజనులు పలువురు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలకు మరలి వచ్చిరి. వారి వెంట కార్యాలయమును ఇంటికి వచ్చినది. బల్ల, కుర్చీ, ఇంటర్నెట్టు సమకూర్చుకొనుట సులభమే. దుర్లభమైనది నిరాటంకమైన వేళ. ఇంటిపట్టున నున్నవాడు తీరికగా నున్నాడని తలచుట మనవారికి అలవాటు.

ఇంటిలో పని మనకు క్రొత్త కాదు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని పోచంపల్లిలో గుంటమగ్గమునకు ఇంటిలోనే నియతమైన తావు కలదు. నేతగాడు గుంటలో కాళ్లుంచి కూర్చున్నచో పనిలో నున్నాడని పసిబిడ్డకును తెలియును. లేచినచో ఆ పూటకు పని ముగిసినది. స్థలమునకు, కాలమునకు ఇట్టి హద్దు ఏర్పరచుటయే ఇంటి కొలువునకు మూలసూత్రము. మంచము కార్యాలయము కారాదు. వెలుతురు ప్రక్కనుండి పడు ఒక మూల చాలును.

కాని ఆ మూల ఎవరికి? కుమారుడు పనిచేయునపుడు గుసగుసలాడు ఇల్లే, కోడలు పనిచేయునపుడు పొయ్యిమీది పాలు చూడుమని కేకవేయును. ఆసు పోయు స్త్రీల శ్రమయు చిరకాలము ఇట్లే లెక్కకు రాలేదు. తల్లి భుజముల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసుయంత్రమును నిర్మించెను. 2017లో పద్మశ్రీ ఆయనను వరించినది. తల్లి పనిని పనిగా చూచిన కన్నే ఆ యంత్రమునకు మూలము.

ఉపాధ్యాయులు తలిదండ్రులతో చెప్పవలసినది ఇదియే. చదువుకొను బాలికకు నేడు ఇంటిలో ఒక మూలయు, రెండు గంటల మౌనమును దక్కినచో, రేపు ఆమె కొలువునకును ఆ గౌరవము దక్కును.