బెల్లు కొట్టుకుంటూ బజారులోంచే పోదాం

సైకిలు మాట ఎత్తగానే మన వైపు జనం "ఏ పార్టీ తరఫున మాట్లాడతన్నారు మాస్టారూ?" అని అడుగుతారు. నిమ్మకూరు మన పొరుగు, 1982లో పుట్టిన పార్టీ గుర్తు సైకిలు. కాబట్టి అడగటంలో తప్పు లేదు. అయితే మేం మాట్లాడేది గోడ మీద బొమ్మ సైకిలు గురించి కాదు. తెల్లారకముందే హ్యాండిలుకి అన్నం క్యారేజీ తగిలించుకుని, వెనక కొడవలి కట్టుకుని పనికి పోయే సైకిలు గురించి. అది ఏ గోడ మీదకీ ఎక్కలేదు.

ఈ మధ్య సైకిలుకి పెద్దమర్యాద వచ్చింది. ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3ని ప్రపంచ సైకిలు దినంగా ప్రకటించింది. 2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం 'సండేస్ ఆన్ సైకిల్' అంటూ ఆదివారం ర్యాలీలు మొదలుపెట్టింది. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి వేసి, దానికి ఎండ తగలకుండా సోలారు పలకలతో కప్పు వేసి, 2023 అక్టోబరులో ప్రారంభించారు. సంతోషమే. అధికారులు తెల్ల టీషర్టులు తొడుక్కుని జెండా ఊపుతారు. సైకిలు తొక్కండి, ఒళ్లు తగ్గుతుంది అంటారు. మన పేటల్లో తగ్గించుకోడానికి ఒళ్లు ఎవడికుంది? ర్యాలీ అయిపోయాక వాళ్ల సైకిళ్లు కారు వెనక కట్టుకుని ఇంటికి పోతాయి. మన సైకిలు మర్నాడు సోమవారం కూడా రోడ్డెక్కాలి. లారీ హారను కొడితే బురదలోకి దిగాలి.

మేం పేటల్లో పుట్టి, డిగ్రీ ముఖం చూసిన మొదటి తరం పంతుళ్లం. సైకిలు మాకు ఏమిటో చెప్పాలి.

మా నాన్న పాలేరు. పాత సైకిలు ఒకటి కొన్ననాడు పేటంతా వచ్చి చూసింది. మా అమ్మ చక్రాలకి పసుపు రాసింది. మర్నాడు మమ్మల్ని వెనక ఎక్కించుకుని బయల్దేరాడు. ఊళ్లో పెద్ద బజారు మొదలయ్యేచోట దిగాడు. అరుగులన్నీ దాటేదాకా నడిపించుకుంటూ పోయి, మలుపు తిరిగాక మళ్లీ ఎక్కాడు. దిగమని ఆ రోజు ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం లేకుండా వందల ఏళ్ల నుంచి చేసిపెట్టారు. "ఎందుకు దిగావు నాన్నా?" అంటే, "చైను ఊడిందిరా" అన్నాడు. ఆ బజారులో ఆయన చైను రోజూ ఊడేది. కొడుకు ముందర పరువు కాపాడుకోడానికి ఆయన అన్నేళ్లు చైను మీద నెపం వేశాడు. అది మాకు అర్థమయ్యేటప్పటికి మేం కాలేజీలో ఉన్నాం.

బండికీ కులానికీ ఉన్న లంకె మా నాన్నతో మొదలైంది కాదు. 1929లో బాబాసాహెబ్ అంబేద్కర్ చాలీస్‌గావ్‌లో రైలు దిగాడు. అప్పటికే బారిస్టరు, బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడు. మహర్‌వాడకి తీసుకుపోవటానికి ఒక్క టాంగావాడూ ఒప్పుకోలేదు. అంటరానివాణ్ణి కూచోబెట్టుకుని తోలితే తన గౌరవం పోతుందన్నాడు. చివరికి బండి అద్దెకిచ్చారుగాని మనిషి రాలేదు. తోలటం రాని మనవాడొకడు పగ్గాలు పట్టాడు. కల్వర్టు మీద బండి తలకిందులై బాబాసాహెబ్ కాలు విరిగింది. టాంగావాడి కులగౌరవం బారిస్టరు ప్రాణం కంటే బరువు తూగింది. ఎవరి బండీ ఎక్కనక్కర్లేకుండా, ఎవరినీ బతిమాలకుండా, మన కాళ్లతో మనం పోయే బండి ఎంత విలువైనదో దీన్నిబట్టి చూడండి.

ఇప్పుడు అసలు ప్రశ్న అడుగుదాం. పేట ఊరికి ఎందుకు దూరంగా ఉంది? బడి, బస్‌స్టాండు, రేషను షాపు, ఆసుపత్రి ఊరి నడిమధ్య ఎందుకున్నాయి? ఈ దూరం దేవుడు పెట్టింది కాదు, కాలవ తవ్విన ఇంజనీరు పెట్టిందీ కాదు. కులం కొలిచి పెట్టింది. పెట్టింది వాళ్లు, నడిచింది మనం. చెప్పుల అరుగుదల మనది, ఆటో చార్జీ మనది, ఆలస్యమైతే పడే తిట్లూ మనవే. సైకిలు గురించి మాట్లాడటమంటే ఈ దూరం బాకీ ఎవరు తీర్చాలో మాట్లాడటమే.

ముందు బడి సంగతి. విద్యాహక్కు చట్టం (2009) నిబంధనల ప్రకారం ఐదో తరగతి దాకా కిలోమీటరు లోపల, ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపల బడి ఉండాలి. తొమ్మిదో తరగతి పిల్లకి ఆ హామీ లేదు. సరిగ్గా అక్కడే మన ఆడపిల్ల ఆగిపోతుంది. 2022లో 117 నంబరు జీవో తెచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లకి తరలించినప్పుడు ఆ దూరాన్ని చిన్నపిల్లల నెత్తిన కూడా పెట్టారు. 2025లో ఆ జీవోని రద్దు చేశారుగాని, మధ్యలో బడి మానేసిన పిల్లని ఏ జీవో వెనక్కి తెస్తుంది?

బీహారు వాళ్లు 2006లో ఒక పని చేశారు. తొమ్మిదో తరగతిలో చేరిన ప్రతి ఆడపిల్లకి సైకిలు కొనుక్కోడానికి రెండు వేల రూపాయలిచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాని ఫలితం లెక్కగట్టారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారు, మగపిల్లలకీ ఆడపిల్లలకీ మధ్య తేడా 40 శాతం తగ్గింది. బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే ఎక్కువ మార్పు వచ్చింది. మన రాష్ట్రంలోనూ 'బడికొస్తా' పేరుతో హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్లు పంచారు. పంచినప్పుడు ఫొటోలు తీశారు. పంక్చరు పడ్డప్పుడు ఎవరూ రాలేదు. ఆరు నెలలకి చాలా సైకిళ్లు గోడకి ఆనిపోయాయి, లేదా అన్నయ్య కిందకి పోయాయి. మేం కళ్లారా చూశాం. సైకిలు ఇస్తే చాలదు, దాన్ని నడిపించే ఏర్పాటూ కావాలి.

తర్వాత పని సంగతి. 2011 జనాభా లెక్కల్లో, పనికి ఎంత దూరం పోతారు, ఎలా పోతారు అని అడిగారు. ఎవర్ని? వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాకుండా 'ఇతర పనివాళ్ల'ని. వాళ్లలో నూటికి పదముగ్గురు సైకిలు మీద పోతున్నారని తేలింది. నాట్లకీ, కలుపుకీ, మినుము పీకటానికీ, కోతలకీ పోయే మన అమ్మల్ని ఆ ప్రశ్నే అడగలేదు. పొలం కూలి పనికి పోవటం ప్రభుత్వం లెక్కలో ప్రయాణమే కాదు!

ప్రయాణం కాకపోతే ఆటోవాడు డబ్బులెందుకు తీసుకుంటన్నాడు? లెక్క వేయండి. రానూ పోనూ రోజుకి నలభై అనుకుంటే, నెలకి ఇరవై రోజుల పనికి ఎనిమిది వందలు. అది కూలిలోంచి పోయేదే. ఏడుగురు పట్టని ఆటోలో పదిహేనుమంది, కాళ్లు బయటపెట్టి కూచుంటారు. బోల్తా పడిందన్న వార్త చదవని నాట్ల కాలం మాకు గుర్తు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం చేశారు. మంచి పనే, ఒప్పుకుంటాం. కాని బస్సు రోడ్డు మీద ఆగుతుంది. పేట రోడ్డు మీద లేదు, పొలమూ రోడ్డు మీద లేదు.

దారిఖర్చు యజమాని ఇవ్వటం ఎక్కడా లేనిది కాదు. ఉపాధి హామీ చట్టంలో (2005) ఐదు కిలోమీటర్లు దాటి పని చూపిస్తే కూలి మీద పది శాతం అదనం ఇవ్వాలని రాశారు. ఏడో వేతన సంఘం సైకిలు అలవెన్సు ఎత్తేయమంటే, పోస్టుమాన్లూ రైల్వే ట్రాకుమాన్లూ ఉన్నారు కదా అని ప్రభుత్వం ఆగి, 2017లో నెలకి 90 రూపాయల్ని 180 చేసింది. బెల్జియంలో 2023 మే నుంచి ప్రైవేటు ఉద్యోగి సైకిలు మీద పనికొస్తే కిలోమీటరుకి 27 యూరో సెంట్లు యజమాని ఇవ్వాలన్న ఒప్పందం అమలైంది. రైసు మిల్లు, రొయ్యల చెరువు, వంద ఎకరాల కౌలు వ్యవసాయం చేయించేవాళ్లు మాత్రం మనిషిని పనికి పిలిచి దారి ఆమె మీదే వదిలేస్తారు. పని పిలిచినవాడిదైతే దారీ పిలిచినవాడిదే కావాలి.

ఇక మనవాళ్ల మాటలకి వద్దాం. మీటింగుల్లో కుర్రాళ్లు అడుగుతారు: "వాళ్లు కార్లలో తిరుగుతుంటే మమ్మల్ని సైకిలెక్కమంటారా? లేనితనాన్ని మోయమంటారా?" ఈ కోపం న్యాయమైంది. మోటారుబండి కొనుక్కోవద్దని మేం అనం. మేమూ స్కూటరు మీదే బడికి పోతన్నాం. బీదరికాన్ని పొగిడే పని వేరేవాళ్లు చేశారు, మనం ఆ దారిన పోం. కాని తమ్ముడూ, నీ బండికి నెల వాయిదా కడుతున్నది ఎవరు? మీ అమ్మ కూలి. నీ బండి ఇంట్లో ఉన్నప్పుడు మీ చెల్లెలు బడికి ఎలా పోతుంది? నడిచి. ఒక ఇంట్లో మగవాడికి పెట్రోలు బండీ, ఆడవాళ్లకి ఉత్తకాళ్లూ ఉంటే, దాన్ని విముక్తి అనొచ్చా?

ఇంకో మాట పెద్దవాళ్లు అంటారు: "భూమి అడగాల్సిన ఉద్యమం సైకిలు అడగటమేంటి?" భూమి అడగటం ఎప్పుడు మానేశాం? భూమి మన చేతిలో ఉంటే పని గుమ్మం ముందే ఉండేది, ఇంత దూరం పోయేవాళ్లం కాదు. కాని భూమి మీటింగుకి పోవాలన్నా, ఎమ్మార్వో ఆఫీసుకి అర్జీ పట్టుకుపోవాలన్నా దారి కావాలి కదా. 1983 మార్చి 15న కాన్షీరాం గారు డీఎస్4 తరఫున నూరుమందితో ఢిల్లీ నుంచి సైకిలు యాత్ర కట్టారు. నలభై రోజులు, ఏడు రాష్ట్రాలు, 4200 కిలోమీటర్లు. మరుసటేడు ఏప్రిల్ 14న పార్టీ పుట్టింది. కార్లు లేవని ఆయన ఇంట్లో కూచోలేదు.

మనకి దగ్గర్లోనే ఇంకో పాఠం ఉంది. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా. 1991లో అక్కడ అక్షరాస్యత ఉద్యమంలో సైకిలు నేర్పటం కూడా ఒక పాఠంగా పెట్టారు. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ దానికి వెన్నుదన్నుగా నిలబడింది. క్వారీల్లో రాళ్లు కొట్టే ఆడవాళ్లు, పొలం కూలీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు ఎక్కారు. వెకిలి మాటలు పడ్డారు, దిగలేదు. 1992 మహిళా దినం నాడు పదిహేను వందలమంది ఆడవాళ్లు హ్యాండిళ్లకి జెండాలు కట్టి, బెల్లులు మోగిస్తూ పట్టణంలో తిరిగారు. లక్షమందికి పైగా సైకిలు నేర్చారని పి. సాయినాథ్ రాశారు. ఆడవాళ్ల సైకిళ్లు దొరక్కపోతే మగ సైకిళ్లే కొన్నారట. బారు మీద పిల్లని కూచోబెట్టుకోవచ్చు, అదే మేలు అన్నారట! మనం చీర అడ్డమంటాం, నలుగురూ నవ్వుతారంటాం. ఆ అక్కలకి చీరా ఉంది, నవ్వే నలుగురూ ఉన్నారు.

మన నేల చూడండి. మొవ్వ నుంచి దివిసీమ దాకా ఒక గుట్ట లేదు, ఒక ఎత్తు లేదు. సైకిలు తొక్కటానికి ఇంతకంటే చదునైన నేల ఎక్కడుంది? లేనిదల్లా వానాకాలంలో నల్లమట్టి బురద కాని దారి, లారీ కింద పడతామన్న భయం లేని రోడ్డు అంచు.

కాబట్టి మేం అనుకున్నవి ఇవి. ఒకటి, ప్రతి పేటలో ఆదివారం సాయంత్రం కాలవ గట్టు మీద సైకిలు బడి పెడదాం. ముందు అమ్మలు, తర్వాత ఆడపిల్లలు. నేర్పేది వచ్చినవాళ్లే. రెండు, సంఘం డబ్బుతో ఒక గాలిపంపు, పంక్చరు సామాను, రెంచీలు కొని పేటలో ఉంచుదాం. రిపేరు నేర్చిన పిల్లాడికో పిల్లకో అది బతుకుతెరువు కూడా అవుతుంది. మూడు, గోడకి ఆనిపోయిన బడి సైకిళ్లన్నిటినీ లెక్కతీసి బాగుచేయిద్దాం. నాలుగు, నాట్ల ముందు కూలిరేటు మాట్లాడేటప్పుడు దారిఖర్చు వేరేగా అడుగుదాం. ఆటోకైనా, సైకిలుకైనా అది కూలిలోంచి పోకూడదు. ఐదు, పేట నుంచి హైస్కూలు దాకా గట్టుకి గ్రావెలు, రోడ్డుకి సైకిలు అంచు, బడిలో సైకిలు షెడ్డు కావాలని గ్రామసభలో తీర్మానం పెడదాం. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోరో కాగితం మీద రాయించుకుందాం.

ఆరోది ఏప్రిల్ 14. ఆ రోజు మన కుర్రాళ్లు సైలెన్సర్లు పీకి బండ్లతో ఊరు అదరగొడతన్నారు. ఈసారి ముందు సైకిళ్లు పోవాలి. ముందు వరసలో మన ఆడవాళ్లు, వాళ్ల వెనక బడిపిల్లలు, ఆ వెనక మీ బండ్లు, నెమ్మదిగా. దారి మాత్రం చుట్టుదారి కాదు, పెద్ద బజారే.

ఇవాళ దిగమనేవాళ్లెవరున్నారు మాస్టారూ అంటారేమో. నోటితో అనరు. మన పిల్ల గట్టిగా బెల్లు కొడితే "బాగా ముదిరారు" అనే మాట అరుగు మీద ఇంకా వినపడుతుంది. నది అవతల చుండూరులో 1991లో ఎక్కడ మొదలైంది? సినిమా హాల్లో మనవాడి కాలు తగిలిందన్న దగ్గర. మన కాలూ చెయ్యీ స్వేచ్ఛగా కదలటమే ఈ దేశంలో కొందరికి నేరంగా కనపడుతుంది. అందుకే కదలాలి. ఒక్కరుగా కాదు, వందమందిగా.

మా నాన్న ఇప్పుడు సైకిలు తొక్కలేడు. ఏప్రిల్ 14న ఆయన్ని మేం వెనక ఎక్కించుకుపోతాం. పెద్ద బజారులో ఆయన చైను ఊడకూడదు.

జై భీమ్!